దాహంతో ఓడిన దుర్గరాజం

వెయ్యి అడుగుల ఎత్తు నుంచి రాయలసీమ మైదానాన్ని కాపలా కాసిన గుత్తి కొండకు శత్రువు ఎక్కడి నుంచి వచ్చినా కనిపించేవాడు. చివరకు దాన్ని పడగొట్టింది మాత్రం నీటి కరువు. రెండున్నర శతాబ్దాల తర్వాత ఆ కొండ ఎక్కేవారికి అదే పాఠం ఎదురవుతుంది.

18వ శతాబ్దంలో దక్కన్ కోటలు చాలావరకు ఫిరంగులకో, లంచాలకో లొంగాయి. గుత్తి మాత్రం భోజనాల దగ్గర జారిన ఒక్క మాటకు బలయిందంటారు. 1775లో బళ్లారిని చేజిక్కించుకున్న మైసూరు పాలకుడు హైదర్ అలీ అక్కడి నుంచి తూర్పుకు కదిలి గుత్తిని చుట్టుముట్టాడు. కోట అధిపతి మరాఠా సర్దారు మురారిరావు ఘోర్పడే. కొండ కింది ఊరు హైదర్ సేనల వశమయ్యాక జనం, సైనికులు, పశువులు అంతా పైకోటకు చేరారు. కొండమీది తొట్లలో నీరు తరిగిపోసాగింది. దాంతో మురారిరావు రాజీకి వచ్చాడు. భారీ మొత్తం చెల్లించేలా ఒప్పందం కుదిరింది. హామీగా తన సేనానుల్లో ఒకరి కొడుకును హైదర్ శిబిరానికి పంపాడు.

మైసూరు చరిత్ర రాసినవారి కథనం ప్రకారం, ఆ యువకుడికి శిబిరంలో మంచి విందు దొరికింది. మాటల మధ్య ఎవరో కోట బలాన్ని తక్కువ చేసి మాట్లాడారు. పౌరుషం పొడుచుకొచ్చిన కుర్రాడు, తాము లొంగింది మైసూరు ఫిరంగులకు కాదని, పైన కొద్ది రోజులకు మించి నీళ్లు లేకపోవడం వల్లేనని చెప్పేశాడు. హైదర్‌కు కావలసింది కూడా అదే. ఏదో సాకుతో ఒప్పందాన్ని పక్కనపెట్టి ముట్టడి కొనసాగించాడు. మిగిలిన పని దాహం పూర్తి చేసింది. 1776 నాటికి గుత్తి మైసూరు జెండా కిందికి వచ్చింది. మురారిరావును బందీగా శ్రీరంగపట్నానికి, తర్వాత కబ్బాళదుర్గానికి తరలించారు. ఒక కొండమీది నుంచి సీమను ఏలిన మనిషి మరో కొండమీది చెరలో కన్నుమూశాడు.

గుత్తి అనగానే తెలుగువారిలో చాలామందికి వంకాయ కూర గుర్తొస్తుంది. రైలు ప్రయాణికులకు అదొక జంక్షన్, రైల్వే ఉద్యోగులకు లోకో షెడ్. హైదరాబాద్-బెంగళూరు జాతీయ రహదారి మీద రోజూ వేలాది వాహనాలు ఈ ఊరి పక్కనుంచే దూసుకెళ్తాయి. కిటికీలోంచి కనిపించే ఆ బోడి బండల గుట్టపై గోడలు గీతల్లా పాకి ఉన్న సంగతిని గమనించేవారు తక్కువ. గమనించి ఆగేవారు ఇంకా తక్కువ.

గాలిలో వేలాడే గద్దె

గుత్తి ఒకే కొండ కాదు. వలయంగా నిలిచిన రాతి గుట్టలను గోడలతో కలిపి కుట్టినట్టు కట్టిన కోట. ఆ వలయం లోపల పాత ఊరు ఉంటుంది. పడమటి వైపు ఉన్న గుట్ట అన్నిటికంటే ఎత్తయినది, అదే పైకోట. చుట్టూ నిలువుగా జారిపోయే బండ కావడంతో పైకి చేరడానికి మెలికలు తిరుగుతూ సాగే దారి ఒక్కటే ఆధారం. మొత్తం కోటకు 15 ద్వారాలని చెబుతారు. దారి ప్రతి మలుపులోనూ ఒక ద్వారం, దాని వెనక ఒక బురుజు ఉంటాయి. ద్వారం దాటిన శత్రువు ఎప్పుడూ పై గోడ మీది మనిషికి పక్కటెముకలు చూపిస్తూ నడవాల్సిందే. ఆ ఏర్పాటు ఎంత పకడ్బందీగా ఉందో ఎక్కుతున్నప్పుడే అర్థమవుతుంది. కాలి కింది రాళ్లు శతాబ్దాల రాపిడికి నునుపెక్కాయి. ఎండ వేళ బండ పెనంలా కాలుతుంది. తొందరపడకుండా నడిచేవారికి కూడా గంటకు తక్కువ పట్టదు.

శిఖరం మీద ఇప్పుడు మిగిలింది కొంతే. వ్యాయామశాలగా పేరుపడ్డ ఒక కట్టడం, మందుగుండు నిల్వ చేసిన గది, కూలిన గోడలు, రాతి చీలికల్లో తొలిచిన నీటి తొట్లు కనిపిస్తాయి. వాటన్నిటినీ దాటి అంచుకు వెళితే చిన్న మంటపం ఒకటి ఉంటుంది. రాతి కట్టడంపై నునుపుగా మెరుగుపెట్టిన సున్నపు పూత. సుమారు 300 అడుగుల నిలువు కొండచరియ అంచున, గాలిలో వేలాడుతున్నట్టుగా కట్టారు దాన్ని. అదే మురారిరావు గద్దె.

రాజభవనాల ఆడంబరం దానికి లేదు. పట్టుమని పదిమంది కూర్చుంటే నిండిపోతుంది. దాని విలువంతా అది నిలబడ్డ చోటులోనే ఉంది. ఇక్కడ కూర్చుని మురారిరావు చదరంగం ఆడేవాడని, ఉయ్యాల ఊగేవాడని, ఎదుటి బండ మీది నుంచి ఖైదీలను కిందికి తోయించి చూసేవాడని ఊళ్లో కథలు ఉన్నాయి. బ్రిటిష్ కాలపు గెజిటీర్లు కూడా వాటిని నమోదు చేశాయి. అందులో నిజమెంతో తేల్చడం కష్టం. అయితే ఆ గద్దె కేవలం వినోదం కోసం కట్టింది కాదని అక్కడ నిల్చుని చూసిన ఎవరికైనా తట్టకపోదు.

దుమ్ము రేపిన కబురు

సాదా లెక్క ఒకటి వేయవచ్చు. కింది మైదానం నుంచి కొండ ఎత్తు దాదాపు వెయ్యి అడుగులు, అంటే 300 మీటర్లు. ఆకాశం తేటగా ఉంటే, మధ్యలో మరో గుట్ట అడ్డు రాకపోతే, అంత ఎత్తు నుంచి భూమి వంపు అనుమతించే చూపు సుమారు 60 కిలోమీటర్లు. ఫిరంగులు, ఎడ్లబండ్లు, అంగడి వెంటేసుకుని కదిలే ఆనాటి సైన్యం రోజుకు 20 కిలోమీటర్లు నడిచిందంటే గొప్పే. అంటే మైదానంలో లేచిన దుమ్ము మేఘం గుత్తికి కనీసం రెండు రోజుల ముందే కబురు మోసుకొచ్చేది. ఆ వ్యవధిలో పొలాల్లోని పశువులను, గాదెల్లోని ధాన్యాన్ని లోపలికి చేర్చుకోవచ్చు, ద్వారాలు మూయవచ్చు, గుర్రపు దళాన్ని బయటకు పంపవచ్చు.

మురారిరావుకు ఈ చూపు ఎందుకు అవసరమో ఆయన జీవితమే చెబుతుంది. 1741లో మరాఠాలు చందాసాహెబ్ నుంచి తిరుచిరాపల్లిని గుంజుకున్నప్పుడు దాని బాధ్యత ఆయనకే అప్పగించారు. 1743లో నిజాం ఆసఫ్ జా దాన్ని తిరిగి తీసుకున్నాడు. ఆ తర్వాత కొన్నేళ్లకే గుత్తి ఆయన చేతికి వచ్చింది. 1751లో ఆర్కాటులో రాబర్ట్ క్లైవ్ ముట్టడిలో ఇరుక్కున్నప్పుడు సాయంగా కదిలింది మురారిరావు గుర్రపు దళమే. ఆ తర్వాత ఫ్రెంచివారి పక్షాన, మైసూరు పక్షాన, మళ్లీ ఇంగ్లీషువారి పక్షాన ఆయన కత్తి తిరిగింది. ఏ రాజుకూ పూర్తిగా చెందని ఇలాంటి సర్దారుకు మిత్రులూ శత్రువులూ ఏటేటా మారిపోతారు. ఎవరు ఏ దిక్కు నుంచి వస్తున్నారో ముందుగా తెలియడమే ఆయనకు అసలు బలం. కూలిపోయిన గుత్తి గోడలను మరమ్మతు చేయించి ఇక్కడే కాపురం పెట్టడంలో ఆంతర్యం అదే.

ఆయనకు ముందు కూడా ఈ చూపు కోసం ఆశపడినవారు చాలామందే. కొండమీది శాసనాల్లో పశ్చిమ చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుడి కాలం నాటివి ఉన్నాయి. విజయనగర చక్రవర్తి బుక్కరాయల పేరిట ఉన్న సంస్కృత శాసనం గుత్తిని కోటలకే రాజని కీర్తిస్తుంది. విజయనగరం తర్వాత గోల్కొండ సుల్తానులు, మొగలులు దీన్ని ఏలారు. మరింత వెనక్కి వెళ్లాలంటే పత్తికొండ దారిలో పదిహేను కిలోమీటర్ల లోపే ఉన్న ఎర్రగుడికి వెళ్లాలి. అక్కడి బండల మీద అశోకుడి శిలాశాసనాలు ఉన్నాయి. 1929లో వెలుగులోకి వచ్చిన ఆ శాసనాలు ఈ ప్రాంతం రెండు వేల రెండు వందల ఏళ్ల కిందటే ముఖ్యమైన దారుల మీద ఉందని చెబుతాయి. అప్పటి బాటసారులకు కూడా గుత్తి కొండే దిక్కు చూపే గుర్తు అయి ఉండాలి.

బండలో దాచిన వాన

ఇక నీటి సంగతి. గుత్తి కొండంతా గట్టి రాయి. బావి తవ్వితే ఊట పడే నేల కాదు. కోటలో వందకు పైబడి బావులు ఉండేవని ఊరివాళ్లు చెబుతారు. పైకోటకు సంబంధించినంత వరకు వాటిని బావులు అనడం కంటే వాన తొట్లు అనడమే సబబు. బండ చీలికలకు అడ్డంగా గోడ కట్టి, అవసరమైన చోట లోతుగా తొలిచి, గచ్చు పూసి, కురిసిన ప్రతి చినుకూ జారి అందులోకి చేరేలా చేశారు.

ఈ పద్ధతి బలం ఎంతో, బలహీనత ఎక్కడో లెక్క వేస్తే తెలిసిపోతుంది. అనంతపురం ప్రాంతంలో ఏడాది సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. ఒక హెక్టారు బోడి బండ మీద పడిన 500 మిల్లీమీటర్ల వానను ఒక్క చుక్క పోకుండా పట్టుకోగలిగితే 50 లక్షల లీటర్లు అవుతుంది. మనిషికి రోజుకు 10 లీటర్ల చొప్పున రెండు వేల మందికి 250 రోజులు సరిపోతుంది. కాగితం మీద ఇది దిలాసా ఇచ్చే అంకె. కానీ ఎండకు ఆవిరయ్యేది, పగుళ్లలోంచి కారిపోయేది, పాచిపట్టి పాడయ్యేది తీసేస్తే మిగిలేది చాలా తక్కువ. పైగా గుర్రం ఒక్కటే రోజుకు ముప్పై లీటర్లకు పైగా తాగుతుంది. మురారిరావు బలమంతా గుర్రపు దళమే. కింది ఊరి జనం, పశువులు కూడా పైకి చేరితే ఏ లెక్కా నిలవదు. వాన సమయానికి రాకపోతే అసలు లెక్కే ఉండదు.

60 కిలోమీటర్ల అవతలి శత్రువును చూడగలిగిన గద్దె పక్కనే తొట్టి అడుగు కనిపిస్తోందంటే ఆ రోజుల్లో పైన ఉన్నవారి మనఃస్థితి ఎలా ఉండి ఉంటుందో ఊహించవచ్చు. కింద ముట్టడి వేసినవారికి కదలకుండా కూర్చోవడమే యుద్ధం. మరి హైదర్ అలీకి తెలియాల్సిందల్లా ఎన్నాళ్లు కూర్చోవాలన్నదే. ఆ సంగతి విందులో తెలిసిపోయింది.

దొర సమాధి, కాపలాదారు స్మారకం

1799లో టిప్పు పతనం తర్వాత గుత్తి నిజాం వాటాకు వచ్చింది. 1800లో నిజాం ఈ ప్రాంతాన్నంతా ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేశాడు. దత్త మండలాలకు తొలి ప్రిన్సిపల్ కలెక్టర్‌గా వచ్చిన థామస్ మన్రో 1807 దాకా ఇక్కడ పనిచేసి రైతువారీ విధానాన్ని అమలు చేశాడు. తర్వాత మద్రాసు గవర్నర్ అయ్యాడు. స్వదేశానికి వెళ్లే ముందు పాత జిల్లాలను ఒకసారి చూసిపోదామని వచ్చి 1827 జులై 6న పత్తికొండలో కలరాతో చనిపోయాడు. ఆయన్ను ఖననం చేసింది గుత్తి కొండ నీడలోనే. 1831లో అవశేషాలను మద్రాసుకు తరలించి సెయింట్ మేరీస్ చర్చిలో ఉంచారు. కోట పాదం దగ్గరి తెల్లవారి శ్మశానం మాత్రం ఇప్పటికీ ఆ కథ చెబుతూ ఉంటుంది.

అదే గుత్తిలో మరో స్మారకం ఉంది. అది ఏ గవర్నర్‌దీ కాదు, ఒక రైల్వే గేటు కాపలాదారుది. ఆయన పేరు హంపన్న. 1893 అక్టోబర్‌లో గుంతకల్లు దగ్గర బ్రిటిష్ సైనికులు ఇద్దరు మహిళల వెంట పడితే, హంపన్న వారికి తన గేటు గదిలో ఆశ్రయం ఇచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. సైనికుడి తూటాకు ప్రాణం పోగొట్టుకున్నాడు. గుత్తిలో వకీలుగా ఉన్న పి. కేశవ పిళ్లై ఈ దారుణాన్ని పత్రికకెక్కించారు. 1885లో కాంగ్రెస్ తొలి మహాసభకు హాజరైన 72 మందిలో ఆయన ఒకరు. కేసు మద్రాసు దాకా వెళ్లినా నిందితుడు శిక్ష లేకుండా బయటపడ్డాడు. జనం చందాలు వేసుకుని హంపన్నకు స్మారకం కట్టించారు. రాజులూ దొరలూ కాపలా కాసిన ఈ ఊళ్లో నిజమైన కాపలా అంటే ఏమిటో ఆ గేటు మనిషి చూపించాడు. కోట చూడటానికి వచ్చినవారు ఆ రాయిని కూడా చూసి వెళ్లడం న్యాయం.

ఇప్పుడు పైనుంచి ఏం కనిపిస్తుంది?

గద్దె దగ్గర నిల్చుంటే పాత ఊరి కప్పులు అగ్గిపెట్టెల్లా కనిపిస్తాయి. దూరంగా రైలు పట్టాలు, రహదారి, వాటి అవతల వేరుశనగ చేలు, మధ్యమధ్యలో ఎండిన చెరువులు. దేశంలోనే అతి తక్కువ వర్షం పడే జిల్లాల్లో అనంతపురం ఒకటి. తొలకరి పడగానే అటు వజ్రకరూరు వైపు, ఇటు జొన్నగిరి, తుగ్గలి వైపు పొలాల్లో జనం తలలు వంచుకుని వజ్రాల కోసం వెతుకుతారు. వాన పడితే నీరు, అదృష్టముంటే రాయి, రెండూ ఆకాశం దయే. వందల అడుగుల లోతుకు బోర్లు వేసి అప్పుల పాలైన రైతుల కథలు ఈ జిల్లాకు కొత్త కాదు. శ్రీశైలం నుంచి ఎత్తిపోసిన కృష్ణా జలాలు హంద్రీ-నీవా పథకం ద్వారా 2012లో జిల్లాకు చేరాయి. అయినా నీళ్లు ఎప్పుడొస్తాయి, ఎన్నాళ్లుంటాయి అన్న ప్రశ్న మాత్రం సీమ రైతు నోట ఇంకా వినిపిస్తూనే ఉంది. మురారిరావును ఓడించిన ప్రశ్న కూడా అదే.

పైకోట తొట్ల విలువ అందుకే చరిత్రకే పరిమితం కాదు. ఊట లేని చోట, అరకొర వానతో, మోటారూ పైపూ లేకుండా వందలాది మందిని బతికించిన నీటి నిర్వహణ అది. ఏ వాలు నీటిని ఏ చీలికకు మళ్లించారు, ఏ తొట్టి నిండాక పొర్లు ఎటు పోయేది అన్నది నేలమీద ఇంకా చదవగలిగే స్థితిలోనే ఉంది. పూడిక పేరుకుని, పిచ్చిమొక్కల వేళ్లు గచ్చును చీల్చుకుంటూ పోతే ఆ చదువు చెరిగిపోతుంది. కోటను పునర్నిర్మించడం కంటే ఈ తొట్లలో కొన్నింటిని శుభ్రం చేసి, వాన నీరు చేరే దారులను తెరవడం తక్కువ ఖర్చు, ఎక్కువ ఫలితం ఇచ్చే పని. కరువు జిల్లా పిల్లలకు అంతకు మించిన పాఠశాల దొరకదు.

గుత్తి కోట భారత పురావస్తు శాఖ రక్షణలో ఉంది. చట్టం ప్రకారం రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్ల మేర కొత్త నిర్మాణాలు నిషేధం. ఆపైన 200 మీటర్ల దాకా అనుమతి తప్పనిసరి. కానీ కొండంత కోటను కాగితం ఒక్కటే కాపాడలేదు. రాయలసీమ కోటలన్నిటినీ పట్టి పీడిస్తున్న గుప్తనిధుల పిచ్చి, గోడల మీద పేర్లు చెక్కే సరదా, వాన దెబ్బకు జారే రాళ్లు అన్నీ ఇక్కడా ముప్పే. గండికోట పేరు పర్యాటకుల నోట పడ్డాక అక్కడ హోటళ్లు, గుడారాలు వెలిశాయి. రహదారికి, రైలుకు ఇంత దగ్గరగా ఉన్న గుత్తికి ఆ అదృష్టం పట్టలేదు. పట్టకపోవడం ఒకందుకు మంచిదే కావచ్చు. ఇక్కడ ఇంకా నిశ్శబ్దం దొరుకుతుంది, గద్దె మీద గాలి హోరు వినిపిస్తుంది. అయితే చూసేవారు లేని కట్టడాన్ని అడిగేవారూ ఉండరు. నలుగురు ఎక్కితేనే దారి బాగుపడుతుంది, కాపలా మనిషి వస్తాడు, తొట్టి పూడిక ఎవరి కంటయినా పడుతుంది.

కొండ ఎక్కేవారికి

గుత్తి జంక్షన్ నుంచి కోట కింది పాత ఊరు కొద్ది కిలోమీటర్లే, ఆటోలు దొరుకుతాయి. అనంతపురం నుంచి సుమారు 50, గుంతకల్లు నుంచి 30 కిలోమీటర్ల దూరం. నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకు వాతావరణం అనుకూలం. తెల్లవారుజామునే ఎక్కడం మొదలుపెడితే ఎండ ముదరక ముందే దిగిరావచ్చు. వానాకాలంలో బండ జారుతుంది, పిల్లలను గద్దె అంచుకు వెళ్లనివ్వకూడదు. ఒక రోజు మిగిలితే ఎర్రగుడి అశోక శాసనాలు, సుమారు 50 కిలోమీటర్ల దూరంలోని తాడిపత్రి ఆలయాలు చూడవచ్చు. మనిషికి కనీసం రెండు లీటర్ల నీళ్లు వెంట ఉంచుకోవడం తప్పనిసరి. పైన దొరకవు. ఆ సంగతి హైదర్ అలీకి కూడా తెలుసు.